ఎడమ పక్క బరువు

మా అంబాసిడర్ కారు ముందు చక్రాల పని పూర్తి కావడానికి పట్టినంత కాలం నా పెళ్ళి కుదరడానికి కూడా పట్టలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పొద్దున వచ్చి, భోంచేసి, సాయంత్రం బస్సెక్కే లోపల మాట ఇచ్చి పోయారు. ఈ కారు మాత్రం మామిడి పిందె రాలే రోజుల్లో ఇటుకల మీదికి ఎక్కి, కాయలు మండీలకు పోవడం అయిపోయేదాకా మా వాకిట్లో ముందు చక్రాలు లేకుండా కూర్చుంది. దారిన పోయేవాళ్ళు దాన్ని చూసి, నన్ను చూసి, "పాత ఇనుముకు ఏసేయకూడదా మ్మా" అని ఒక మాట అని పోయేవాళ్ళు. వాళ్ళకు జవాబు చెప్పే ఓపిక అప్పట్లో నాకు లేదు. ఇప్పుడు కాస్త ఉంది కాబట్టి చెబుతున్నాను.

మాది శ్రీకాళహస్తి. మా ఆయన టాక్సీ తోలేవాడు. రైలు దిగిన యాత్రికులను గుడికి, అక్కణ్ణుంచి తిరుపతికి, కాణిపాకానికి తిప్పి మళ్ళీ రైలెక్కించేవాడు. ఏసీ బళ్ళు వచ్చాక ఆ బేరాలు తగ్గిపోయాయి. పెళ్ళికొడుకును ఊరేగించడానికి తప్ప ఎవరూ పిలవని స్థితికి వచ్చినా ఆయన కారును అమ్మలేదు. నేను ఇంట్లో కూర్చుని కలంకారీ గుడ్డలకు రంగులు అద్దుతాను. సంసారం అట్లా నడిచిపోతూ ఉండగా ఒకరోజు పొద్దున ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. కొన్నాళ్ళకు ఒకటీ అరా మాటలు తిరిగొచ్చాయి. వాటిలో ఆయన ఎక్కువగా వాడుకున్నది "వద్దు" అనే మాటే.

తిరుపతిలో చేతికీ కాలికీ కసరత్తులు చేయించే చోట చూపించాం. అక్కడి డాక్టరమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. "చెయ్యి తిరిగొస్తే ఈ మొదటి నెలల్లోనే రావాలమ్మా. మధ్యలో మానేస్తే తర్వాత ఎంత చేసినా కష్టం." రోజు విడిచి రోజు తీసుకుపోయాను. కొన్ని వారాలకు కుడి బొటనవేలు కదిలింది. అదీ కొంచెం, పడుకున్న పిల్ల ఒత్తిగిల్లినంత. ఆ బొటనవేలు మీద నేను కట్టుకున్న ఆశలు చెబితే నవ్వుతారు.

కారు నడిపేది నేనే. పెళ్ళయిన కొత్తలో స్వర్ణముఖి ఏటి ఇసుకలో ఆయనే నేర్పించాడు. నేర్పించాడంటే తిట్టాడని అర్థం. తర్వాత ఏ అవసరానికో తప్ప నా చేతికి స్టీరింగు ఇచ్చింది లేదు. ఇచ్చినా పక్కన కుదురుగా కూర్చునే మనిషి కాదు, కాలితో లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు. బస్సులో పోయినా డ్రైవరు వెనక సీటే కావాలి, రోడ్డు మీది నుంచి చూపు తిప్పడు. ఎంత దూరం పోయినా, ఎంత అలిసిపోయినా, కదిలే బండిలో ఆయన కన్ను మూయడం నేనెప్పుడూ చూడలేదు. "రవ్వంత సేపు పండుకోకూడదా" అంటే, "నేను కన్ను మూస్తే బండి ఎవురు సూస్తారు మే" అనేవాడు.

కారు ముందు భాగంలో చప్పుడు ఎప్పటినుంచో ఉండేది. గుంటలో పడితే టక్కుమనేది. అడిగితే "పాత బండి, మాట్లాడతాది" అని కొట్టిపారేసేవాడు. ఒకరోజు తిరుపతికి పోతూ ఉంటే, ఏర్పేడు దగ్గర తారు లేచిపోయిన చోట ముందు చక్రం దిగి లేచిందో లేదో, స్టీరింగు నా చేతులను విదిలించుకుంటున్నట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కేకొద్దీ ఇంకా ఊగింది. ఎదురుగా లారీ వస్తోంది. ఆయన ఎడమ చేత్తో స్టీరింగు దొరకబుచ్చుకుని తనవైపు లాగాడు. కారు రోడ్డు దిగి గులకరాళ్ళలో ఆగింది. లారీ అతను ఏదో తిట్టుకుంటూ పోయాడు. ఆయన లుంగీ తడిసిపోయింది. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగి నీళ్ళ సీసా కోసం వెతికాను.

ఆ రోజు ఎట్లా ఇల్లు చేరామో ఇప్పుడు సరిగా గుర్తు లేదు. మొదటి గేరులో, సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటుకుని పోతుండగా వచ్చాం. ఆ మర్నాటి నుంచి కారు ఎక్కమంటే "వద్దు". బతిమాలితే "వద్దు". నేను గొంతు పెంచితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఆటో తెప్పించాను. మడవలేని కాలితో లోపలికి ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, దించేటప్పుడు ఆయన జారి కింద పడ్డాడు. బస్సు మెట్ల సంగతి చెప్పక్కర్లేదు. చిన్న కారు బాడుగకు మాట్లాడాను. సీటు నేలకు దగ్గరగా ఉంది, తలుపు ఇరుకు, ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని ముడిచి కూర్చోబెడుతుంటే ఆయన నలుగురిలో ఏడ్చేశాడు. ఇంక ఆ ఊసెత్తలేదు. ఆయన తనంతట తాను నడుం ఆనించి, లోపలికి తిరిగి కూర్చోగలిగేది మా కారులోని ఎత్తు సీటులోనే. ఆ కారుకేమో చక్రాలు నిలవవు. ఒక్కో రోజు గడిచేకొద్దీ డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉండేది.

తిరుపతిలో షెడ్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. ఒకచోట దీనికి కంప్యూటరు తగిలించడానికి చోటే లేదన్నారు. ఇంకోచోట దీని సామాన్లు ఎవరూ పెట్టుకోవడం లేదన్నారు. చివరికి, రేణిగుంట రోడ్డులో ఒకప్పుడు షెడ్డు నడిపి, ఇప్పుడు మూసేసి ఇంట్లో ఉంటున్న పాత మెకానిక్కు గుర్తొచ్చాడు. మా కారు టాక్సీగా తిరిగినన్నాళ్ళు దాని పనులన్నీ ఆయనే చేసేవాడు. ఇల్లు వెతుక్కుంటూ పోయాను. మోకాళ్ళకు ఏదో నూనె రాసుకుంటూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"దాని కీళ్ళూ నా కీళ్ళూ ఒగ మాదిరే ఉండాయి మ్మా," అన్నాడు. "నేను బండి కిందికి దూరితే మళ్ళా లేపేదానికి ఒగ మనిషి కావాల."

"నేను లేపుతానన్నా. దినామూ ఒగ మనిషిని లేపతానే ఉండాను గదా," అన్నాను.

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. మర్నాడు పొద్దున బస్సు దిగి, సామాను సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

మా ఆయనను కుర్చీలో వాకిట్లో కూర్చోబెట్టాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఏమప్పా, బాగుండావా," అని మెకానిక్కు అడిగి, ఆ ప్రశ్న ఎందుకు అడిగానా అన్నట్టు వెంటనే జాకీ తీసుకుని వంగాడు. చక్రం పైకి లేచాక దాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్నులాగా కదిలింది.

"ఈ చక్రం ఇటూ అటూ తిరిగేది లోపలున్న కింగ్‌పిన్ను మీద మ్మా," అని నాకు చూపించాడు. "అది ఎండకుండా గ్రీజు పోతా ఉండాల. గ్రీజు కొట్టేదానికి ఈడ చిన్న మూతి ఉంటాది." వేలితో తడిమాడు. దొరకలేదు. స్క్రూడ్రైవరుతో గీకాడు. నల్ల పెయింటు పొరలు పొరలుగా లేచింది. ఒక పొర కింద ఇంకో పొర. చివరికి ఇత్తడి ముక్క ఒకటి బయటపడింది, దాని రంధ్రం నిండా పెయింటే. రెండో చక్రానికీ అంతే. ఒక్క మూతి కూడా తెరిచి లేదు. పిన్ను విప్పి చేతిలో దులిపితే గ్రీజు బదులు కారప్పొడి లాంటి తుప్పు రాలింది. ఇనుము ఇనుముకు తగలకుండా మధ్యలో ఉండే రబ్బరు బుష్షులేమో నూనె తాగి ఉబ్బి, వేలితో నొక్కితే ముద్దలుగా ఊడొచ్చాయి.

"ఎవురు పూసినారు మ్మా ఈ పెయింటు?" అని అడిగాడు.

నేను చెయ్యి ఊపి వద్దని సైగ చేశాను. అప్పటికే ఆలస్యమైంది.

ఆ పెయింటు సంగతి మా వీధి అంతటికీ తెలుసు. ఆయుధపూజ వస్తే మా ఆయన కారును ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పొద్దున్నే కడిగి, పాత ఇంజనాయిలు, డీజిలు కలిపి కిందంతా పిచికారీ చేసి, అది ఆరాక గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని బ్రష్షుతో నల్ల పెయింటు వేసేవాడు. చక్రాల వెనక, కడ్డీలకు, నట్లకు, వేలు దూరే ప్రతి చోటుకూ. తర్వాత పసుపు, కుంకుమ. గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, వీధిలోవాళ్ళను పిలిచి వంగి చూడమనేవాడు. "కింద సూసినా మొగం కనపడాల," అనేవాడు. టాక్సీ రోజూ తిరిగినన్నాళ్ళు షెడ్డులో ఎవరో ఒకరు ఆ పెయింటు గీకి గ్రీజు కొట్టేవాళ్ళేమో. బేరాలు తగ్గాక షెడ్డుకు పోవడం మానేశాడు. పూజ మాత్రం మానలేదు. అంత శ్రద్ధగా చేసిన పూజే ఏడాదికొక పొర చొప్పున ఆ మూతులన్నీ మూసేసింది. ఆ నూనే రబ్బరును తినేసింది.

మెకానిక్కు నా సైగ అర్థం చేసుకుని మాట మార్చాడు. "వయసైపోయింది లే మ్మా. ఇనుము గదా, అరుగుతాది," అన్నాడు.

కుర్చీలోంచి మా ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. తన రొమ్ము మీద వేలు పెట్టుకుని, "నేనే," అన్నాడు. జబ్బు చేశాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. మళ్ళీ అన్నాడు, "నేనే."

జాలి పడాల్సింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే మనిషి విషయంలోనూ ఇదే జరిగింది. ఇస్త్రీ చొక్కా నలగకూడదు, మీసానికి రంగు తప్పకూడదు, నుదుట బొట్టు చెదరకూడదు. బీపీ మాత్ర వేసుకోవయ్యా అంటే, "నాకేమైంది, గుండులాగుండా" అని డబ్బా పక్కకు నెట్టేవాడు. పైకి నిగనిగలాడుతూ ఉంటే లోపల అరిగేది ఎవరికి తెలుస్తుంది? అంత కోపంలోనూ ఏమీ అనలేకపోయాను. అనిపించుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, ఆయన దగ్గర అది లేదు. లోపలికి పోయి ఇద్దరికీ మజ్జిగ కలిపి తెచ్చాను.

సామాన్లు మా దగ్గర దొరకలేదు. మెకానిక్కు చెన్నైలో తనకు తెలిసిన పాత కొట్టుకు ఫోను చేస్తే, నగరి మీదుగా వచ్చే బస్సులో పార్సిల్ వేస్తామన్నారు. వచ్చింది. విప్పి చూస్తే రబ్బరు బుష్షులు ఎన్నేళ్ళు కొట్లో మూలుగుతున్నాయో, రాయిలా గట్టిపడి చీలికలు పట్టి ఉన్నాయి. తిప్పి పంపాం. మళ్ళీ ఎదురుచూపులు. ఆలోపల ఎండలు ముదిరాయి, మెకానిక్కుకు మోకాలు వాచి కొన్నాళ్ళు రాలేదు. ఇంట్లో నేనే డాక్టరమ్మ చెప్పిన కసరత్తులు చేయించబోతే ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. మెత్తని బంతి ఇస్తే పక్కన పెట్టేసేవాడు. గుడ్డలు తడిపి పిండమని ఇచ్చాను, అవి ఒళ్ళోంచి నేల మీదికి జారిపోయేవి. పొద్దుటి నుంచి కుర్చీలో కూర్చుని ఇటుకల మీది కారును చూస్తూ ఉండేవాడు. రాత్రి పడుకోబోయే ముందు నేను ఆ బొటనవేలు పట్టుకుని కదపమనేదాన్ని. కదిలేది కాదు. ఆ ఎండాకాలంలో నేను ఎవరితోనూ మంచిగా మాట్లాడిన గుర్తు లేదు, దేవుడితో సహా.

కాయలు అయిపోయే రోజుల్లో మంచి రబ్బరు బుష్షులు వచ్చాయి. కింగ్‌పిన్నులకు కొత్త ఇత్తడి బుష్షులు ఎక్కించి, ఊరి లేత్ షాపులో సాపు చేయించుకొచ్చాడు మెకానిక్కు. చక్రాలను మోసే చేతుల్లాంటి ఇనుప ముక్కలన్నీ కిరోసిన్‌లో కడిగి వరసగా పరిచాడు. ఒక్కొక్కటే బిగించాడు. గ్రీజు గన్ను పెట్టి నొక్కితే పాత నల్ల జిడ్డు తోసుకుంటూ కొత్త గ్రీజు రెండో పక్క నుంచి బయటికొచ్చింది. మా ఆయన మెడ చాచి చూశాడు.

చక్రాలు నేల మీద ఆనాక మెకానిక్కు నాలుగడుగులు వెనక్కు పోయి కారును ముందు నుంచి చూశాడు. కుడి పక్క కొంచెం ఎత్తుగా ఉంది. ఇంత చేసి ఇప్పుడు వంకర వచ్చిందా అనుకున్నాను.

"వంకర గాదు మ్మా. నేనే పెట్టినా, అప్పట్లో," అన్నాడు. "దీనికి ముందు పక్క స్ప్రింగులు ఉండవు. కింద పొడుగ్గా పోయే ఈ కడ్డీలే మెలిపడి బరువు మోస్తాయి. ఈయప్ప లావు మనిషి, దినమంతా కుడి పక్కనే కూర్చుంటాడు గదా. అందుకని ఆ పక్క కడ్డీని దాని చివరుండే పళ్ళల్లో ఒగ పన్ను ఎక్కువ తిప్పి పెట్టినా. ఈయప్ప ఎక్కితే బండి సమంగా వస్తాది." కాసేపు తల గోక్కున్నాడు. "ఇద్దురూ ఒగసారి కూర్చోండి. సూసి సరిచేస్తా."

"వద్దు," అన్నాడు మా ఆయన.

"యాడికీ పోవడం ల్యా. చక్రాల కింద రాళ్ళు పెట్టుండా. ఊరికే కూర్చో చాలు."

లేపి నిలబెట్టి కర్ర చేతికిచ్చాను. ఆయన కర్ర ఊనుకుంటూ, కుడి కాలు ఈడ్చుకుంటూ, కారు దగ్గరికి నడిచాడు. నేరుగా కుడి పక్క తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. స్టీరింగు ఉండే పక్క. కర్రను చంకలో ఇరికించుకుని ఎడమ చేత్తో తలుపు పిడి పట్టుకున్నాడు. కాళ్ళకు అలవాటైన దారి అది, ఆయనను అడగకుండానే తీసుకుపోయినట్టున్నాయి. నేను పిలవలేకపోయాను. మెకానిక్కు కిందికి వంగి ఏదో స్పానరు వెతుకుతున్నట్టు నటించాడు. ఆయన ఆ పిడిని పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత వదిలేసి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ, ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు. కూర్చోబెట్టాను. నేను పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను.

కారు ఎడమ పక్కకు ఒరిగింది. కూర్చున్న మాకే తెలిసింది.

మెకానిక్కు కిటికీ దగ్గరికి వచ్చి, మా ఆయన మొహం చూడకుండా అన్నాడు. "బరువు ఇంగ ఎడమ పక్క గదప్పా. కుడి కడ్డీ దించి, ఎడమది ఎత్తాల. ఎత్తమంటావా?"

మళ్ళీ "వద్దు" అంటాడనుకున్నాను. ఆయన ఎదురుగా ఉన్న అద్దంలోంచి వీధి చివరికి చూస్తూ ఉన్నాడు. దవడ కదిలింది. మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"పెట్టు," అన్నాడు.

చెయ్యి సంగతి ముందే చెప్పేస్తున్నాను, అది పూర్తిగా రాలేదు. మధ్యలో పోయిన ఆ ఎండాకాలం పోయిందే. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటాడు, చొక్కా బొత్తాలు నేనే పెట్టాలి. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు, అననందుకు ఆమెకు దండం పెట్టుకున్నాను. నేను చెప్పాలనుకున్నది, పని అయిన మర్నాడు తిరుపతికి పోయిన ప్రయాణం గురించి.

పొద్దున ఎండ పడకముందే బయలుదేరాం. ఆయన అడ్డం చెప్పలేదు. ఎడమ చేత్తో డ్యాష్‌బోర్డు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కారులో చప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా వింటున్న ఆ టక్కు టక్కు లేకపోయేసరికి ఏదో మరిచిపోయి వచ్చినట్టే ఉంది నాకు. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోంది. ఏర్పేడు వచ్చింది. తారు లేచిపోయిన ఆ చోటు ఇంకా అట్లాగే ఉంది, ఎవరూ పూడ్చలేదు. తప్పించాలని చూస్తే ఎదురుగా బస్సు. చక్రం గుంటలో దిగింది, మెత్తగా లేచింది. అంతే. బస్సు పోయింది, మేమూ పోయాం.

ఇప్పుడైనా ఒక మాట అంటాడేమోనని కాసేపటికి పక్కకు చూశాను. డ్యాష్‌బోర్డు మీది చెయ్యి ఒళ్ళోకి జారి, పడిపోయిన కుడి చేతి మీద ఉంది. తల కిటికీకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఆయన నిద్రపోతున్నాడు.

నాకు కావలసింది ఇదే. ఆయన నన్ను నమ్మి ఈ కారులో కూర్చోవాలనే కదా అన్ని నెలలు అట్లా తిరిగాను. అయినా ఏడుపు ఆగలేదు. పక్కన ఉన్నది మా ఆయనే, కానీ ఆ డ్రైవరు నిన్న కుడి పక్క తలుపు దగ్గరే దిగిపోయాడని అర్థమైంది. నేనూ అలిసిపోయి ఉన్నాను. ఎన్ని రాత్రుల నిద్రో కళ్ళ మీదికి వస్తోంది. పక్కకు ఆపి, ఆయన భుజం మీద తల పెట్టుకుని ఒక్క నిమిషం కన్ను మూయాలనిపించింది. మూస్తే బండి ఎవరు చూస్తారు? కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన తల కిటికీకి కొట్టుకోకుండా గుంటలు తప్పించుకుంటూ, తిరుపతి దాకా నిదానంగా నడిపాను.